బెజవాడను అడిగొచ్చాం

బెజవాడకి ఎవరైనా ఎందుకెళ్తారు? దుర్గమ్మ దర్శనానికి. వన్‌టౌన్‌లో పెళ్లిబట్టలకి. లేదంటే రైలు మారడానికి. మేం మాత్రం ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లాం. మేమంటే నేనూ, మా మేనకోడలూ. జూలైలో ఓ ఆదివారం, రావులపాలెంలో అరటి గెలల లారీలు ఇంకా సర్దుకుంటుండగానే తెల్లవారుజాము బస్సెక్కాం.

ప్రశ్న చిన్నదే. 25 ఏళ్ల వయసులో, చేతిలో ఉద్యోగం ఉండగా, డాక్టరీ సీటు కోసం మళ్లీ నీట్ రాయాలా, వద్దా?

అమ్మాయి ఇంటర్ అవగానే ఒకసారి రాసింది. రాలేదు. ఏడాది లాంగ్‌టర్మ్ తీసుకుని రెండోసారి రాసింది. 412 వచ్చాయి. ప్రభుత్వ కాలేజీలో సీటు రావడానికి అవి సరిపోలేదు. ప్రైవేటులో చేర్పించే స్తోమత మా బావకి లేదు. బీఎస్సీ నర్సింగ్‌లో చేరింది. నాలుగేళ్ల చదువు, రెండేళ్ల ఉద్యోగం. రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నెలకి 22 వేలు. అందులో సగం ఇంటికొస్తుంది. తమ్ముడి పాలిటెక్నిక్ ఫీజు ఆమె జీతంలోంచే. తణుకు వైపు నుంచి ఒక సంబంధం కూడా ఎదురుచూస్తోంది.

అలాంటి పిల్ల ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర "నేను నీట్ మళ్లీ రాద్దామనుకుంటున్నా" అంది. మా అక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"నువ్వే తీసుకెళ్లి ఆ కాలేజీలూ, ఆ హాస్టళ్లూ చూపించరా తమ్ముడూ. చూస్తే దానికే తెలుస్తుంది" అంది అక్క నాతో చాటుగా. అంటే ఏమిటో నాకు అర్థమైంది. చూసి, భయపడి, మానేయాలని. నేనూ సరేనన్నాను. ఎందుకంటే ఆ చదువుల రుచి నాకు తెలుసు. 1992లో ఇంటర్ పాసై, ఆ ఏడాది, తర్వాత లాంగ్‌టర్మ్ చేసి మరో రెండేళ్లు ఎంసెట్ రాసి, మూడుసార్లూ ఓడిపోయి, చివరికి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారిగా స్థిరపడినవాణ్ణి.

బెజవాడకు ముందే బెజవాడ

తణుకు, ఏలూరు, హనుమాన్ జంక్షన్ దాటి గన్నవరం వచ్చిందంటే ఊరు మొదలైనట్టే. విమానాశ్రయం దాటాక గూడవల్లి, నిడమానూరు, ఎనికేపాడు... పేర్లు పల్లెలవే. రోడ్డుకి అటూ ఇటూ మాత్రం అయిదారంతస్తుల భవనాలు. ప్రతి కిటికీకీ ఇనప ఊచలు. ఊచలకి ఆరేసిన తువ్వాళ్లు. గోడల మీద ర్యాంకులు, ర్యాంకుల పక్కన ఫొటోలు. ఏ ఊరి పొలిమేరలోనైనా అక్కడ పండే పంట కనిపిస్తుంది. రావులపాలెంలో అరటి. ఇక్కడ ర్యాంకులు.

నిడమానూరులో దిగాం. ఆదివారం కదా, ఓ క్యాంపస్ ముందు తిరునాళ్లలా ఉంది. శ్రీకాకుళం నుంచి, కర్నూలు నుంచి, ఖమ్మం నుంచి వచ్చిన తల్లిదండ్రులు వేపచెట్ల కింద దుప్పట్లు పరిచి కూర్చున్నారు. స్టీలు క్యారియర్లు, పులిహోర పొట్లాలు, గోంగూర పచ్చడి సీసాలు. వారానికి సరిపడా తిండి ఒక్క పూటలో తినిపించేయాలన్న తాపత్రయం. పిల్లలు తింటూనే పుస్తకం వంక చూస్తున్నారు. పొద్దున్న అయిదింటికి లేవడం, రాత్రి పదింటికి స్టడీ అవర్ ముగియడం. ఇలాంటి గోడల వెనక నుంచి అప్పుడప్పుడూ వచ్చే విషాద వార్తలు గుర్తొచ్చి, అందరి మొహాల్లోకీ ఒకసారి తేరిపార చూశాను.

ఆఫీసులో కుర్రాడు మర్యాదస్తుడు. "ఇంటర్ ఏ ఇయర్ మేడం?" అన్నాడు. చెప్పింది. పెన్ను ఒక్క క్షణం ఆగింది. వెంటనే, "ఏం ఫర్వాలేదు. బీడీఎస్ చేసి వచ్చినవాళ్లు కూడా మా దగ్గర చదువుతున్నారు. పోయినసారి స్కోరెంత?" అన్నాడు. 412 అంది. కాలిక్యులేటర్ నొక్కి, రాయితీ పోను ఫీజు లక్షన్నర అని కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం మడిచి ఆమె బ్యాగులో పెట్టుకుంది.

బయటికొస్తుంటే చెట్టు కింద ఓ పిల్ల తల్లి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. మా అమ్మాయి ఆగింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. కింది కనురెప్ప కొద్దిగా లాగి చూసింది. "రక్తం తక్కువున్నట్టుంది ఆంటీ. ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నీళ్లు కూడా సరిగ్గా తాగుతున్నట్టు లేదు" అంది.

"మీరు డాక్టరామ్మా?" అని అడిగిందావిడ.

"కాదండీ, నర్సుని."

"అయితే ఇంకా మంచిదమ్మా. డాక్టరైతే ఇలా చెట్టు కింద కూర్చుని చూసేదా?"

మా అమ్మాయి నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందో నాకు అంతుపట్టలేదు.

గేటు ముందు కాసేపు

ఆటో మాట్లాడుకుని రామవరప్పాడు రింగు మీదుగా గుణదల వైపు వచ్చాం. సిద్ధార్థ వైద్య కళాశాల, పక్కనే ఆరోగ్య విశ్వవిద్యాలయం. 1986లో మొదలైన విశ్వవిద్యాలయం ఇది. 2022లో పేరు మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. ఎంసెట్ మొదలైంది కూడా ఆ 1986లోనే. మా రోజుల్లో డాక్టరీ సీటు కౌన్సెలింగ్ అంటే డీడీలు, సర్టిఫికెట్లు సంచిలో వేసుకుని, తండ్రి వెంట ఇక్కడికి రావడమే. సీటొచ్చినవాళ్ల తండ్రులు ఇదే గేటు బయట స్వీట్లు పంచేవాళ్లు. ఓసారి ఎవరో నాకూ ఓ లడ్డూ పెట్టారు. నేను వచ్చింది రూమ్మేట్‌కి తోడుగా అని ఆయనకి తెలీదు.

ఇప్పుడా సందడి లేదు. ఆప్షన్లన్నీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పెట్టుకోవడమే. ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్‌తో మెడికల్ సీట్లివ్వడం 2016తో ముగిసింది. తర్వాత అంతా నీటే. పైగా ఆదివారం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన తప్ప ఎవరూ లేరు.

"వయసు దాటిపోయిందని ఇక్కడెవరైనా అంటారా మావయ్యా?" అనడిగింది.

అనరు. ఒకప్పుడు 25 ఏళ్లు, రిజర్వేషన్ ఉన్నవారికి 30 అని నిబంధనల్లో గరిష్ఠ పరిమితి ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. ఒడిశాలో 64 ఏళ్ల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకాయన 2020లో ఎంబీబీఎస్‌లో చేరారు. కాబట్టి చట్టం అడ్డు రాదు. అడ్డొచ్చేది క్యాలెండరు. వచ్చే మే నెలలో రాస్తే ఆమెకి 26. సీటొస్తే నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ. బయటికొచ్చేసరికి 31 దాటుతుంది. పీజీ కావాలంటే ఇంకో మూడేళ్లు.

ఈ లెక్కంతా గేటు ముందే ఏకరువు పెట్టాను. ఆమె ఓపిగ్గా విని, "నేను రాయకపోయినా 31 వస్తుంది కదా మావయ్యా" అంది.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ మాట ఒక్కటే నమ్ముకుని నిర్ణయం తీసుకోకూడదని మాత్రం తెలుసు. ఎందుకంటే అది సీటొచ్చినవాళ్ల విషయంలోనే నిజం. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షలకు పైనే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. ప్రభుత్వ కాలేజీల్లోవి అందులో దాదాపు సగం.

కోడికూరతో పాటు ఓ ప్రశ్న

నా పాత రూమ్మేటు సత్యనారాయణపురంలోనే ఉంటాడు. ఆ గేటు దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లింది వాడే. ఆ ఏడు వాడికీ సీటు రాలేదు. ఇప్పుడు మందుల షాపు. భార్య ప్రభుత్వ ఏఎన్ఎం. మేం అద్దెకున్న రోజుల్లో గది వెనకే రైలు పట్టాలుండేవి. రైలు వెళ్లినప్పుడల్లా చదువుతున్న లైను పోయేది. ఇప్పుడా పట్టాలు లేవు. వాటి చోట బీఆర్టీఎస్ రోడ్డు. ఎక్కడ కూర్చుని చదివేవాణ్ణో చూపిద్దామంటే ఆనవాలు దొరకలేదు.

భోజనాలు వడ్డిస్తూ మా స్నేహితుడి భార్య అంతా విన్నారు. చివర్న మా అమ్మాయిని ఒకటే అడిగారు.

"నీకు డాక్టరు అవ్వాలని ఉందా, నర్సుగా ఉండకూడదని ఉందా? రెండూ ఒకటి కాదమ్మా."

కంచం ముందు చాలాసేపు మాట్లాడలేదు మా అమ్మాయి. తర్వాత చెప్పింది. నర్సు పనంటే తనకి చిరాకు లేదట. సూది పడనివ్వని పిల్లలకి కూడా కబుర్లు చెప్పి సూది వేయగలదట. కానీ రాత్రి డ్యూటీలో ఒక మందు ఆపేసి ఇంకోటి మొదలుపెట్టినప్పుడు, ఎందుకు మార్చారో తెలుసుకోవాలని ఉంటుందట. అడిగితే "రాసింది ఎక్కించమ్మా" అంటారట. "ఆ 'ఎందుకు' నాక్కావాలి ఆంటీ. అంతే" అంది.

"అదే అయితే ఆలోచించదగ్గదే. చిన్నచూపు చూస్తున్నారని మాత్రం వెళ్లకు. అక్కడ జూనియర్లని ఇంకా చిన్నచూపు చూస్తారు" అని నవ్వారావిడ. ఇంకో మాట కూడా చెప్పారు. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకి పల్లెల్లోని విలేజ్ క్లినిక్‌లలో మిడ్‌లెవల్ హెల్త్ ప్రొవైడర్ ఉద్యోగాలున్నాయి. అక్కడ మందులిచ్చేదీ, ఎవర్ని పెద్దాసుపత్రికి పంపాలో తేల్చేదీ వాళ్లే. ఎమ్మెస్సీ నర్సింగ్ దారి ఎలాగూ ఉంది. "ఎందుకు" అని అడిగేవాళ్లకి తలుపు ఒక్కటే కాదన్నమాట.

రెండు నుంచి అయిదు

భోజనం అయ్యాక మా అమ్మాయి నేనెదురుచూడని పని చేసింది. వీధి చివర జెరాక్స్ షాపుకెళ్లి, ఫోన్లో ఉన్న 2025 నీట్ ప్రశ్నపత్రం ప్రింటు తీయించుకొచ్చింది. "ఆంటీ, మూడు గంటలు ఒక గది ఇస్తారా?" అంది. అసలు పరీక్ష ఆ ఏడాది మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు జరిగింది. సరిగ్గా రెండింటికి గది తలుపు వేసుకుంది. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు.

నాకు ఇంట్లో కాలు నిలవలేదు. లెనిన్ సెంటర్‌కి పోయాను. పాత పుస్తకాల కొట్లు ఇంకా ఉన్నాయి. 1994లో మూడోసారి ఫలితాలొచ్చాక నా పుస్తకాలన్నీ ఇక్కడే అమ్మేశాను. ఫలితాలంటే అప్పట్లో పేపర్లో చీమల బారుల్లాంటి హాల్‌టికెట్ నంబర్లు. నా నంబరుకి ముందు నంబరుంది, తర్వాత నంబరుంది. నాది లేదు.

ఆ కొట్ల ముందు నిలబడి ఒకటి గ్రహించాను. పొద్దున్న ఆఫీసులో కుర్రాడు ఆరేళ్ల కిందటి మార్కులడిగాడు. నేను వయసు లెక్క చెప్పాను. అక్క పెళ్లి గురించి అడిగింది. ఇవాళ పరీక్ష పెడితే ఎంతొస్తుందని మాలో ఒక్కరం అడగలేదు. నా రోజుల్లో నన్నూ ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు. మూడోసారి రాసింది పట్టుదలతో అనుకునేవాణ్ణి. నిజానికి ఊళ్లో మొహం చూపించలేక ఇక్కడే ఉండిపోయాను. ఆ రెండేళ్లు పోయింది ఓడిపోవడం వల్ల కాదు. ఎక్కడున్నానో కొలుచుకోకపోవడం వల్ల.

ఓ కొట్లో తెలుగు అకాడమీ ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం కనిపించింది. అట్ట చిరిగింది. బేరమాడకుండా కొన్నాను. ఎందుకు కొన్నానో అప్పటికి తెలీదు.

తిరిగొచ్చేసరికి అయిదూ పది. 'కీ' చూసుకుంటూ దిద్దుకుంటోంది. తప్పుకి ఒక మార్కు తీసేస్తూ, తనకి తాను ఎక్కడా కనికరించకుండా. జీవశాస్త్రం 360కి 284. రసాయనశాస్త్రం 180కి 82. భౌతికశాస్త్రం 180కి 31. మొత్తం 397.

ఆరేళ్ల కిందట ఏడాదంతా హాస్టల్లో ఉండి తెచ్చుకున్నవి 412. ఇప్పుడు పుస్తకం ముట్టుకోకుండా 397! నాకు సంతోషమేసింది. ఆమె మొహంలో సంతోషమూ లేదు, నిరాశా లేదు. "బోటనీ కొంచెం మర్చిపోయా, అది వచ్చేస్తుంది. ఫిజిక్సే. ఆ ఏడాది పేపరు అందర్నీ ఏడిపించిందిలెండి. అయినా 31 అంటే 31 కదా" అంది.

బ్యారేజీ మీద తీర్పు

చీకటి పడేవేళకి ప్రకాశం బ్యారేజీ మీదికొచ్చాం. 1957లో కట్టడం పూర్తయిన ఈ బ్యారేజీ మీద ఆదివారం సాయంత్రాలు సగం ఊరు కనిపిస్తుంది. మొక్కజొన్న పొత్తుల పొగ, పిల్లల బూరలు. కొండ మీద అమ్మవారి గుడి దీపాలు. ఒకవైపు నిండుగా నీళ్లు, మరోవైపు ఇసుక తిన్నెలు. రెంటికీ మధ్య గేట్లు.

పొత్తు ఒలుచుకుంటూ అంది. "అమ్మ మిమ్మల్ని ఎందుకు పంపిందో నాకు తెలుసు మావయ్యా."

దొరికిపోయాను. "అయితే ఎందుకొచ్చావు?" అన్నాను.

"నాకూ చూడాలనే ఉంది. హాస్టల్లో చేరితే చదువుతానా అని. చేరను. అక్కడ రోజంతా అన్ని సబ్జెక్టులూ అందరితో పాటు చదవాలి. నాకు లేనిది ఒక్కటే. దానికి ఉద్యోగం మానేసి లక్షన్నర కట్టక్కర్లేదు."

తర్వాత బ్యాగులోంచి ఆ ఫీజు కాగితం తీసి, వెనకవైపు రాసుకున్నది చదివింది. దీపావళి దాకా ఉద్యోగం మానకుండా ఫిజిక్స్ మాత్రమే. దీపావళి తర్వాతి ఆదివారం రెండు నుంచి అయిదు దాకా ఇంకో పాత పేపరు. ఫిజిక్స్‌లో వంద దాటితే జనవరి నుంచి ఉద్యోగం మానేసి నాలుగు నెలలు పూర్తిగా చదువు. ఆ నాలుగు నెలల ఇంటి ఖర్చు ఇప్పట్నుంచే పక్కన పెట్టడం. దాటకపోతే నీట్ రాయదు. విలేజ్ క్లినిక్ ఉద్యోగానికో, ఎమ్మెస్సీకో దరఖాస్తు. రాసినా ఒక్కసారే. సంబంధం వాళ్లకి ఈ సంగతంతా ముందే చెప్పడం. ఆగుతామంటే ఆగుతారు.

"వందే ఎందుకు?" అన్నాను.

"మొత్తం మార్కులు ఇన్నని పెట్టుకుంటే లాభం లేదు మావయ్యా. 2024లో మొదట 67 మందికి 720కి 720 వచ్చాయన్నారు, సవరించాక 17 మంది అన్నారు. మరుసటేడు ఫస్ట్ ర్యాంకుకే 686. మార్కులు పేపర్ని బట్టి మారతాయి. సీటిచ్చేది ర్యాంకు. అందుకే నా బలహీనతని కొలుచుకుంటున్నా. మూడు నెలల్లో 31 వంద కాకపోతే, అది ఇంక నాకు రాదని అర్థం."

సిలబస్ గురించి కూడా విచారించుకుంది. 2024 పరీక్ష నుంచి కొన్ని పాఠాలు తీసేశారు. తన పాత నోట్సు ఉన్నదున్నట్టు పనికిరాదని ఆమెకి తెలుసు.

మా అక్కకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. మాన్పించుకు రమ్మంది. మానలేదు. పోనీ దూకేసిందా అంటే, అదీ లేదు. ఇంట్లో 'సరే' అనో, 'వద్దు' అనో తేల్చడానికి మేం పెద్దవాళ్లం తొందరపడుతుంటే, ఈ పిల్ల ఆ రెంటికీ మధ్య ఓ తేదీ పెట్టింది, ఓ అంకె పెట్టింది. ముప్పై ఏళ్ల కిందట నాకీ పని తోచి ఉంటే రెండో ఏడే ఇంటికెళ్లిపోయేవాణ్ణేమో. లేదా ఇంకోలా చదివి సీటే తెచ్చుకునేవాణ్ణేమో.

"ఫిజిక్స్ ఎవరు చెబుతారు?" అన్నాను.

"మీరే. ఎన్నేళ్ల నుంచి చెబుతున్నారు?"

"పదో తరగతికమ్మా నేను చెప్పేది. ఇంటర్ ఫిజిక్స్ నన్ను మూడుసార్లు తన్నింది."

"అయితే ఎక్కడ తంతుందో మీకే తెలుసు" అంది.

బస్టాండుకి నడిచాం. రాజమండ్రి బస్సులో కిటికీ సీటు దొరికింది. రామవరప్పాడు, ఎనికేపాడు, నిడమానూరు... పొద్దున్న చూసిన భవనాల్లో అన్ని కిటికీల్లోనూ దీపాలున్నాయి. స్టడీ అవర్ నడుస్తున్నట్టుంది. చెట్టు కింద పడుకున్న పిల్ల అన్నం తిన్నదో లేదో.

మా అమ్మాయి నా సంచిలో చెయ్యి పెట్టి ఆ పాత పుస్తకం బయటికి తీసింది. అట్ట చూసి నా వంక చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఫోన్ వెలుతురులో మొదటి పేజీ తిప్పింది. మొదటి పాఠం ప్రమాణాలు, కొలతలు.

"ఇది వచ్చు మావయ్యా" అంది.

"వచ్చనుకుంటాం. చదువు" అన్నాను.